జాకీ మీద బండి పెట్టి ఆయిల్ సీలు మార్చొద్దు

సంక్రాంతి ముందు వారాల్లో ఏ ఆటోనగర్‌కు వెళ్లినా, ఏ కాలనీ చివరి షెడ్డు దగ్గర ఆగినా ఒకటే హడావిడి. పండక్కి ఊరెళ్లాలి, బండి కింద ఆయిల్ మరకలు పడుతున్నాయి, రేపటికల్లా కావాలి. మెకానిక్ వంగి కిందికి చూస్తాడు. "క్రాంకు సీలు పోయింది సార్, మార్చేస్తే అయిపోద్ది" అంటాడు. ధర అడిగితే వందల్లోనే చెబుతాడు. దాంతో పని కూడా అంతే తేలికని ఇద్దరికీ అనిపిస్తుంది. బండి ముందు భాగాన్ని ఒక్క జాకీ మీద లేపుతారు. ఓ కుర్రాడు అట్టముక్క పరుచుకుని కిందికి దూరతాడు. బయటికి వాడి కాళ్లు మాత్రమే కనిపిస్తుంటాయి.

ఆ కుర్రాణ్ని బయటికి రమ్మనండి. ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి పక్కన పెట్టినా సరే, ఆ ఒక్క పని చేయండి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కింద మనిషి ఉండకూడదు. అయిదు నిమిషాల పనైనా సరే, ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మేస్త్రి అయినా సరే.

మారుతి ఆల్టో లాంటి చిన్న కారే 700 కిలోలు దాటుతుంది. ఇన్నోవా క్రిస్టా అయితే 1800 కిలోలకు అటూ ఇటూ. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజను, గేర్‌బాక్సు రెండూ ముందే ఉంటాయి కాబట్టి సగం కంటే ఎక్కువ బరువు ముందు భాగంలోనే. ఇంజన్లో తిరిగే ఇరుసైన క్రాంకు దగ్గర ఆయిలును ఆపే ఈ సీలు పని జరిగేదీ సరిగ్గా ఆ బరువు కిందే. అది ఛాతీ మీదికి దిగితే ఎముకలు విరగడం తర్వాతి సంగతి, ముందు ఊపిరితిత్తులు విచ్చుకోవు. ఊపిరాడని మనిషి అరవలేడు. పక్కన కంప్రెసర్ మోగుతున్న షెడ్డులో, అవతలివాడు టీకి వెళ్లిన సమయంలో, ఆ విషయం ఎవరికీ తెలియను కూడా తెలియదు.

జాకీ ఉన్నది బండిని లేపడానికి, మోస్తూ కూర్చోవడానికి కాదు. డిక్కీలో కారుతో పాటు వచ్చే కత్తెర జాకీని టైరు మార్చడానికే ఇస్తారు. దాంతో లేపిన బండి కిందికి వెళ్లొద్దని కంపెనీ ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. షెడ్డులో వాడే ట్రాలీ జాకీ, బాటిల్ జాకీ చూడటానికి గట్టిగానే ఉంటాయి. కానీ వాటి లోపల అంత బరువునూ ఆపుతున్నది కాస్త ఆయిలూ, ఆ ఆయిలు జారిపోకుండా పట్టి ఉంచే ఓ రబ్బరు సీలూ. ఇంజన్లో ఏ వస్తువు పాతబడి కారుతోందని బండి లేపామో, జాకీలో ఉన్న అలాంటి వస్తువునే నమ్ముకుని కింద పడుకుంటున్నాం. కొన్న రోజు నుంచి ఎవరూ విప్పి చూడని జాకీ, జారేముందు సూచన ఇస్తుందని అనుకోవద్దు.

సిమెంటు ఇటుకలు, పాత రిమ్ములు, దొంతరగా పేర్చిన చెక్కదిమ్మలు కూడా ఆసరా కావు. సిమెంటు ఇటుక విరిగే ముందు వంగదు, ఒక్కసారిగా పగిలిపోతుంది. కావలసినవి రెండు ఇనప స్టాండ్లు. బండి బరువుకు సరిపడేవి, బండి పుస్తకంలో చూపించిన చోట, గట్టి నేల మీద. మట్టినేలైతే స్టాండు కాళ్ల కింద మందపాటి పలక వేయాలి. తర్వాత జాకీని మెల్లగా దించి, బరువంతా స్టాండ్ల మీదికి వచ్చిందని చూసుకుని, కిందికి వెళ్లక ముందే బండిని చేతులతో గట్టిగా ఊపాలి. పడేదుంటే మనిషి లేనప్పుడే పడుతుంది. కార్ల మెకానిక్‌కు నెలవారీ ఖర్చుల ముందు రెండు స్టాండ్ల ధర పెద్ద లెక్క కాదు. ఎందరో కొనకపోవడానికి కారణం డబ్బు కాదని, ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్న ధీమా అని నేను నమ్ముతున్నాను.

వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టడం కూడా వదిలేస్తుంటారు. గేర్లో ఉంది కదా అంటారు. ముందు చక్రాలతో నడిచే బండిలో గేరు పట్టి ఆపేది ముందు చక్రాలనే, అవి ఇప్పుడు గాలిలో ఉన్నాయి. పైగా క్రాంకుకు గేర్‌బాక్సు వైపున ఉండే వెనక సీలు మార్చాలంటే యాక్సిల్ రాడ్లు ఊడదీసి గేర్‌బాక్సునే దించేస్తారు. ఇక బండిని కదలకుండా ఆపుతున్నది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. నేల కాస్త వాలుగా ఉండి, ఆ కేబులు సాగి ఉంటే, బండి స్టాండ్ల మీద నుంచి కూడా జారుతుంది.

కిందికి దూరేది ఎప్పుడూ షెడ్డులో అందరికంటే చిన్నవాడే. సన్నగా ఉంటాడు, ఇరుకులో పడతాడు, కాదనలేడు. 14 ఏళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ నిషేధించింది. అయినా బడి మానేసి పానాలు అందిస్తున్న పిల్లలు ఊరూరా కనిపిస్తూనే ఉన్నారు. ఇది షెడ్డు యజమాని ఒక్కడి తప్పు అనుకుని పక్కకు తప్పుకోలేం. బండి ఇచ్చినవాడు అక్కడే కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. "వాణ్ని కింద పెట్టకు మేస్త్రీ, స్టాండ్లు వేసి నువ్వే చెయ్యి, ఆలస్యమైనా ఫర్లేదు" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనని కస్టమరుకు కూడా జరిగేదాంట్లో భాగం ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అక్కడ కూలి గంటల లెక్కన వేలల్లో పడుతుందని, వీడియోలు చూసి సొంత గ్యారేజీలో పని మొదలుపెట్టేవాళ్లు ఎందరో. వీడియోలో రోజంతా పట్టిన పని పది నిమిషాలకు కుదించి ఉంటుంది. స్టాండ్లు సర్దిన భాగాన్నే ముందుగా కత్తిరిస్తారు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తలుపు మూసిన గ్యారేజీలో ఒంటరిగా బండి కిందికి వెళ్లొద్దు. పిలిస్తే పలికే దూరంలో ఒక మనిషి ఉండాలి.

వెనక సీలు పనిలో మరో ప్రమాదం గేర్‌బాక్సు. చిన్న కారుదైనా పాతిక ముప్పై కిలోలు ఉంటుంది, పెద్ద బండ్లది అంతకు ఎంతో ఎక్కువ. దాన్ని ఛాతీ మీద ఆనించుకుని దించడం చాలా షెడ్లలో నేర్పరితనం కింద లెక్క. ఆఖరి బోల్టు వదిలాక గేర్‌బాక్సు నిటారుగా రాదు, బరువున్న వైపుకు తిరుగుతుంది. వేళ్లు నలిగేది ఆ క్షణంలోనే. గేర్‌బాక్సు జాకీ పెట్టాలి, బెల్టుతో కట్టాలి. మౌంటింగులు విప్పే ముందు ఇంజనుకు పైనుంచో కిందినుంచో ఆసరా ఇవ్వాలి. సగం బోల్టులు తీసి గేర్‌బాక్సును క్లచ్ ప్లేటులో వేలాడదీసి భోజనానికి వెళ్లడం ఇంకో చెడ్డ అలవాటు. ఆ బరువుకు ప్లేటు నడుమ భాగం వంగిపోతుంది. పనంతా అయ్యాక క్లచ్ సరిగా విడవకపోతే కారణం అందకుండా తంటాలు పడతారు.

క్రాంకు రెండో చివర, పుల్లీ వైపున ఉండే ముందు సీలు పనిలో పుల్లీ బోల్టు దగ్గర మరో ఘోరం జరుగుతుంది. ఆ బోల్టు చాలా గట్టిగా బిగించి ఉంటుంది. విప్పడానికి సరైన పట్టీ లేక, పొడుగు రాడ్డును చాసిస్‌కు ఆనించి, తాళంచెవి తిప్పి స్టార్టర్ మోటారుతో ఇంజనును ఒక్క కుదుపు కుదుపుతారు. వదిలితే వదిలింది. సాకెట్టు జారితే ఆ రాడ్డు ఎవరి దవడకు తగులుతుందో చెప్పలేం. ఇంజను పొరపాటున స్టార్టయితే అసలే చెప్పక్కర్లేదు. ఫ్లైవీలును గానీ పుల్లీని గానీ ఆపి పట్టే పనిముట్టు కొనండి, లేదా ఆ బండికి పనిముట్లు ఉన్న షెడ్డుకు పంపండి. ఆ మాటకొస్తే పని మొదలుపెట్టే ముందే బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టాలి.

పెట్రోలుతో కడగడం గురించి కూడా గట్టిగా చెప్పాలి. సీలు దగ్గర పేరుకున్న మడ్డిని వదిలించడానికి చిన్న డబ్బాలో పెట్రోలు, ఓ బ్రష్షు తీసుకుంటారు. పెట్రోలు సున్నా కంటే నలభై డిగ్రీలు తక్కువ చలిలో కూడా మంట అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేలబారుగా పాకి గుంటలో నిలుస్తుంది. గుంట అంటే మెకానిక్ నిలబడి పనిచేసే గుంటే. పక్కనే వైరు కట్టి వేలాడదీసిన 230 వోల్టుల బల్బు ఉంటుంది. వేడెక్కిన ఆ బల్బు మీద ఓ చుక్క పడితే గాజు పగులుతుంది. తీగ తొక్క ఊడి ఉంటే కరెంటు షాకు వేరే. బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ లైటు వాడండి. కడగడానికి డీగ్రీజర్ వాడండి. గుంట దగ్గర బీడీ కాల్చేవాణ్ని, వయసులో పెద్దవాడైనా, లేచి వెళ్లమనండి.

ఇక్కడి దాకా ప్రాణాల సంగతి. ఇంజను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తొందరపాటు రెండుచోట్లా ఒకటే.

అసలు కారుతున్నది క్రాంకు సీలేనా? ఆయిలు ఎప్పుడూ పుట్టినచోట కనిపించదు. కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. పైన వాల్వ్ కవర్ ప్యాకింగు కొద్దిగా కారినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర చెమర్చినా, ఇంజను వెనక గోడ వెంబడి దిగి, సరిగ్గా ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట చుక్క కడుతుంది. అది చూసి వెనక సీలు పోయిందని తీర్పు చెబితే, గంటలో అయ్యే ప్యాకింగు పనికి బదులు రోజంతా పట్టే గేర్‌బాక్సు పని నెత్తిన పడుతుంది. చేశాక లీకేజీ అలాగే ఉంటుంది. అందుకే ముందు ఇంజనును శుభ్రంగా కడిగించి, పొడిగా తుడిచి, కొన్ని కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడాలి. తేలకపోతే ఆయిల్లో కలిపే రంగుమందు ఉంది, అతినీలలోహిత టార్చి వెలుగులో దాని దారి మెరుస్తూ కనిపిస్తుంది. గేర్ ఆయిలైతే గంధకం వాసన గుప్పున కొడుతుంది, అప్పుడు పోయింది గేర్‌బాక్సు సీలు. కడగకుండా, నడిపి చూడకుండా గేర్‌బాక్సు దించుతానంటే ఒప్పుకోకండి.

సీలే పోయిందని తేలితే, ఎందుకు పోయిందని అడగండి. ఈ ప్రశ్న అడగనందుకే కొత్త సీలు నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. ఇంజను లోపల పిస్టన్ల పక్కగా కొంత వాయువు కిందికి దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగి మళ్లీ ఇంజనుకే అందించడానికి బ్రీదర్ పైపు, పీసీవీ వాల్వు ఉంటాయి. అవి మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, దారి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిలును నెడుతుంది. తరచూ ఆ దారి సీలే. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే పొగ బుసలు కొడుతూ బయటికి వస్తోందా? అయితే ముందు బ్రీదర్ చూడాలి. అది బాగానే ఉంటే పిస్టన్ రింగులు అరిగాయేమో చూడాలి. మరీ మామూలు కారణం ఒకటుంది, మంచిదేగా అని ఆయిలు గుర్తుకు మించి పోయడం. క్రాంకు ఆ ఆయిలును చిలికి నురగ చేస్తుంది, సీలు మీద భారం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాటకూడదు.

సీసాలో దొరికే లీకేజీ మందులు రబ్బరును కాస్త ఉబ్బేలా చేస్తాయి. ఓ సన్నని చెమర్పు కొన్నాళ్లు ఆగొచ్చు. చిరిగిన సీలు అంచును, గాడి పడ్డ క్రాంకును ఏ మందూ బాగుచేయదు. దూరప్రయాణానికి ముందు దాన్ని నమ్ముకోవడం తప్పు.

అందరూ ఎక్కువగా అశ్రద్ధ చేసేది ముందు సీలును. అక్కడ కారిన ఆయిలు, చాలా బండ్లలో, నేల మీద పడే ముందు టైమింగ్ బెల్టును తడుపుతుంది. పాత మారుతి 800, 1.5 లీటర్ల డీజిల్ డస్టర్, ఇలా బెల్టుతో నడిచే ఇంజన్లు ఇంకా వేలల్లో తిరుగుతున్నాయి. ఆయిలు పీల్చిన బెల్టు రబ్బరు మెత్తబడుతుంది, పళ్లు ఊడతాయి. వాల్వులూ పిస్టన్లూ ఒకే చోటికి వేర్వేరు క్షణాల్లో వచ్చే ఇంజన్లలో బెల్టు తెగితే రెండూ ఢీకొంటాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాలి. వందల రూపాయల సీలు పని అలా వేలు, పదులవేలు అవుతుంది. డబ్బు పోతే పోయింది, హైవే మీద లారీ వెనక వస్తుండగా ఇంజను హఠాత్తుగా ఆగితే పవర్ స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు బూస్టరులో మిగిలినంత సేపే సాయం. ఆయిలు తగిలిన బెల్టును తుడిచి, పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం ఎక్కడ కనిపించినా ఆపించండి. బెల్టు కొత్తది వేయాల్సిందే, దాంతో పాటు టెన్షనర్ కూడా.

ఒక్క ఉదాహరణ విడిగా చెబుతాను, ఎందుకంటే ఈ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారి చిన్న షెడ్లకు వస్తున్నాయి. 2012లో మన మార్కెట్లోకి వచ్చిన రెనో డస్టర్‌కు 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజను ఉండేది, దాని పేరు కె4ఎం. చాలా ఇంజన్లలో క్రాంకు మీది పళ్లచక్రం తిరిగిపోకుండా చిన్న తాళపు ముక్క ఒకటి పట్టి ఉంచుతుంది. కె4ఎం అలా కాదు. ఆ చక్రం కేవలం పుల్లీ బోల్టు బిగింపుతో, రాపిడితో నిలబడుతుంది. బోల్టు వదిలారంటే టైమింగు వదిలేసినట్టే. క్రాంకును, పైన క్యామ్‌షాఫ్టులను నిలిపి పట్టే పిన్నులు, పట్టీ లేకుండా సీలు మార్చబోతే మళ్లీ అదే స్థానంలో బిగుస్తుందన్న హామీ లేదు. ఇంకో చిక్కుంది. సీలు కారిన ఆయిలు క్రాంకు చివర, ఆ చక్రం లోపలి ముఖం మీద అంటి ఉంటుంది. దాన్ని పూర్తిగా వదిలించి, పొడిగా తుడిచాకే బిగించాలి. నూనె మరక మిగిలితే ఎంత బిగించినా రాపిడి చాలదు, కొన్నాళ్లకు చక్రం జారుతుంది. పుస్తకం చదవకుండా, అన్ని ఇంజన్లూ ఒకటేనని చేయి పెట్టే మెకానిక్‌కు ఈ ఇంజను అప్పగించొద్దు. ఫోర్డు ఇంజన్లు కొన్నిటిలోనూ ఇదే ఏర్పాటు ఉంది.

ఇప్పుడు ఆ సీలును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ముందుది చేతిగాజంత కూడా ఉండదు. బయట రబ్బరు తొడిగిన ఇనప వలయం, లోపలికి వాలిన పలచని పెదవి, ఆ పెదవి వెనక గాడిలో జుట్టు లాంటి తీగతో చుట్టిన స్ప్రింగు. అంతే. ఆ పెదవి అంచు క్రాంకును తాకే వెడల్పు మిల్లీమీటరులో కొద్ది భాగం. వెనక సీలు కూర్చునే చోట క్రాంకు 80 మిల్లీమీటర్ల మందం ఉంటే, ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ లోహం పెదవి కింద నుంచి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడ చేరేలోపు క్రాంకు ఆరేడు లక్షల చుట్లు తిరుగుతుంది. ఆ మొత్తం ప్రయాణంలో వేడి ఆయిలును ఆపేది ఆ సన్నని అంచే. దాని మీద గోరు గీత చాలు.

అందుకే రబ్బరు ఏదన్నది ముఖ్యం. ఒకే సైజు అంకెలు రాసి ఉన్న రెండు సీళ్లు ఒకటి కావు. మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీలు దాటి ఎక్కువకాలం ఉంటే గట్టిపడి పెళుసవుతుంది. ఫ్లోరిన్ కలిసిన రబ్బరు రెండొందల డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో కొలత చెప్పి తెచ్చిన నకిలీ సీలు ఆ రోజు చక్కగా కూర్చుంటుంది. ఎండాకాలం హైవే మీద దాని సంగతి బయటపడుతుంది. పెదవి మీద ఆయిలును లోపలికి నెట్టే సన్నని గీతలు కొన్ని సీళ్లకు ఉంటాయి, బాణం గుర్తు తిరిగే దిక్కును చెబుతుంది. ఎదురు దిక్కుది వేస్తే అదే ఆయిలును బయటికి తోడుతుంది. పార్ట్ నంబరుతో కొనండి, బిల్లు తీసుకోండి, పొట్లం మీ ఎదుటే విప్పించండి.

బిగించే పద్ధతిలోనే ఎక్కువ సీళ్లు చస్తాయి. పాతది తీయడానికి స్క్రూడ్రైవర్ గుచ్చి పీకుతారు. మొన క్రాంకుకు తగిలితే ఆ గీతే కొత్త లీకేజీ. గోరుతో క్రాంకు మీద రాసి చూడండి, గాడి తగిలితే కొత్త సీలు కూడా ఆగదు. క్రాంకు మీద తొడిగే పలచని స్టీలు స్లీవు దొరుకుతుంది, లేదా కొన్ని ఇంజన్లలో సీలును కాస్త లోతు మార్చి కూర్చోబెట్టవచ్చు. ఉప్పుకాగితంతో రుద్ది సరిపెట్టడం సరికాదు, ఆ గీతలు ఆయిలును బయటికి దారి పట్టిస్తాయి. సుత్తితో ఒక పక్క కొట్టి వంకరగా దిగగొట్టడం, స్ప్రింగు గాడిలోంచి జారినా గమనించకపోవడం రోజూ జరిగేవే. సీలంత వెడల్పున్న పైపు ముక్కతో, చుట్టూ సమానంగా ఒత్తుతూ దించాలి.

ఇక్కడ తప్పకుండా తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. స్ప్రింగున్న రబ్బరు సీలు పెదవికి కాస్త ఇంజను ఆయిలు రాసి వేస్తారు. తెల్లగానో నల్లగానో ఉండే పీటీఎఫ్‌ఈ పెదవి సీలు వస్తే దానికి ఆయిలు చుక్క కూడా తగలకూడదు. క్రాంకు పొడిగా ఉండాలి, పెదవిని వేలితో తాకకూడదు, దాంతో వచ్చే ప్లాస్టిక్ గొట్టాన్ని ముందే తీసి పారేయకూడదు, సీలు జారి కూర్చునేది ఆ గొట్టం మీద నుంచే. ఆ పెదవి క్రాంకు ఆకారానికి సర్దుకోవడానికి సమయం కావాలి. చాలా కంపెనీలు నాలుగు గంటలు ఆగి స్టార్ట్ చేయమంటాయి. సాయంత్రానికల్లా ఇచ్చేయాలన్న తొందరలో పోయేవి ఆ నాలుగు గంటలే. ఫ్లైవీలు బోల్టులు కూడా గమనించండి. కొన్ని ఇంజన్లలో ఆ రంధ్రాలు నేరుగా ఆయిలున్న చోటికి తెరుచుకుంటాయి. మరలకు సీలెంటు పెట్టకపోతే అక్కడి నుంచి కారి, పాపం కొత్త సీలు మీద పడుతుంది. సాగేలా బిగించే బోల్టులైతే పాతవి తిరిగి వాడకూడదు.

పని ఇప్పుడే చేయించే వీలు లేకపోతే? చుక్క చుక్కగా కారుతున్న బండితో ఊళ్లో తిరుగుతూ, రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్ చూసుకుంటూ నాలుగు రోజులు గడపవచ్చు. కానీ ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపాలి. ఇంకో కిలోమీటరేగా అనుకుంటే బేరింగులు పట్టేస్తాయి. ఆయిలు సైలెన్సర్ పైపు మీద పడి పొగ వస్తున్నా, బానెట్ దగ్గర కమురు వాసన తగిలినా ప్రయాణం మానుకోండి. పండగ ముందు విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా దగ్గర గంటల తరబడి బండ్లు నిలిచిపోయినప్పుడు, గాలి తగలని ఇంజను కింద వేడి పేరుకుంటుంది. మంట పుట్టడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. క్లచ్ జారుతుంటే, అంటే ఇంజను మోత పెరిగి వేగం పెరక్కపోతే, వెనక సీలు ఆయిలు క్లచ్ ప్లేటుకు తగిలిందేమోనని అనుమానించాలి. అలాంటి బండితో ఘాట్ ఎక్కొద్దు. మీ బండి కార్చిన ఆయిలు సిగ్నల్ దగ్గర, మలుపు దగ్గర రోడ్డు మీద మిగిలిపోతుంది. దాని మీద జారేది వెనక వచ్చే టూవీలర్ మీది మనిషి, ముందు కూర్చున్న పిల్లలు.

చివరిగా పాత ఆయిలు, పాత సీలు. వాడిన ఇంజను ఆయిల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాలు చేరి ఉంటాయి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, చేతులు కడగడానికి పెట్రోలు వాడకండి, ఆయిలును కాలువలో పారబోయకండి, డబ్బాలో పట్టి అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేరే చోట ఇవ్వండి. పాత సీళ్లు, రబ్బరు ముక్కలు, చిరిగిన బెల్టులు భోగిమంటలో గానీ షెడ్డు వెనక చెత్తమంటలో గానీ వేయొద్దు. ఫ్లోరిన్ ఉన్న సీలు తీవ్రమైన మంటలో కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. తడి తగిలితే అది చర్మం లోపలికి దిగే ఆమ్లం, నొప్పి చాలాసేపటి దాకా తెలియకపోవచ్చు. మంటల్లో కాలిన బండి ఇంజన్లో జిగటగా, నల్లగా కరిగిన సీళ్లు కనిపిస్తే వట్టి చేతులతో ముట్టుకోకండి. తాకితే వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూ, మంట లేదు కదా అని ఊరుకోకుండా ఆస్పత్రికి వెళ్లి, కాలిన బండిలోని రబ్బరు తాకానని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.